ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఒంటరిగా బయటికి వెళ్లేటప్పుడు లొకేషన్ షేరింగ్ ఎలా పెట్టుకోవాలి?

ఫోన్ సెట్టింగుల జోలికి వెళ్లే ముందు, ఎవరి లొకేషన్ చూడాలనుకుంటున్నారో వాళ్లతో కూర్చుని మాట్లాడండి. పెద్దయిన మనిషి ఫోన్‌లో చెప్పకుండా ట్రాకర్ పెట్టడం తప్పు. పైగా సంగతి తెలిసిన రోజున ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్లిపోతారు. ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, ఎలా ఆపేయాలి అన్నవి కాగితం మీద రాసుకోండి. మాటల్లో చెప్పడం కష్టమైతే టైప్ చేసో, బొమ్మలు చూపించో చెప్పనివ్వండి. కొత్త దారిలో వెళ్లే రోజున మాత్రమే ఒప్పుకుంటామంటే, అంతవరకే పెట్టండి.

ఎప్పుడూ వెంట ఉండే ఫోన్ అయితే చాలు. ఫోన్ మర్చిపోయే అలవాటుంటే సిమ్ ఉన్న జీపీఎస్ వాచీ చూడండి. దాని పట్టీ ఒంటికి పడుతుందో లేదో ముందు ఇంట్లో కొన్ని గంటలు పెట్టుకుని చూసుకోవాలి. తాళంచెవులకు తగిలించే బ్లూటూత్ ట్యాగ్‌ను మాత్రం నమ్ముకోవద్దు. దాంట్లో జీపీఎస్ ఉండదు, దగ్గర్లో వేరేవాళ్ల ఫోన్ ఉంటేనే జాడ తెలుస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, లొకేషన్ షేరింగ్ తెరిచి, ప్రయాణానికి సరిపడా సమయం పెట్టాలి. ఇది ఆ మనిషే తన చేత్తో చేసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. లేకపోతే స్క్రీన్ ఆరాక ఫోన్ యాప్‌ని నిద్రపుచ్చుతుంది, మ్యాప్‌లో ఆ మనిషి ఉన్న చోటు చూపే చుక్క కదలకుండా ఉండిపోతుంది. అందుకే చుక్కతో పాటు, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో కూడా చూడాలి.

చేరారా లేదా అని అలర్ట్ పెట్టే యాప్ వాడితే, ఆ చోటు చుట్టూ పెట్టే హద్దు 150 మీటర్ల కంటే తగ్గించొద్దు. భవనాల లోపల జీపీఎస్ సరిగా అందదు. మనిషి కుర్చీలోంచి కదలకపోయినా మ్యాప్‌లో చుక్క వీధి దాటేస్తుంది, అలర్ట్ మోగుతుంది.

అసలైన పని, చుక్క అనుకోని చోట కనిపించినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోవడం. వెంటనే ఫోన్ చేయకండి. రద్దీలో, మోతలో సతమతమవుతున్న మనిషికి రింగు ఇంకో భారం. ఆ సమయంలో నోటమాట రాకపోవచ్చు కూడా. మెసేజ్ పెట్టండి, జవాబు ఒక్క అంకె అయితే చాలు: 1 అంటే బాగానే ఉన్నా, 2 అంటే దారి చెప్పు, 3 అంటే వచ్చి తీసుకెళ్లు. పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ జవాబు లేకపోతే ఫోన్ చేయండి, ఎత్తకపోతే బయల్దేరండి. చుక్క చెరువు దగ్గరో రైలు పట్టాల దగ్గరో ఉంటే ఇవేవీ వద్దు, వెంటనే అత్యవసర నంబరుకు చెప్పండి.

ఛార్జింగ్ అయిపోతే ఇదంతా ఆగిపోతుంది. జేబులో చిన్న పవర్ బ్యాంకు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కార్డు ఉంచుకోమనండి.

తెలిసిన దారిలో రెండు సార్లు కలిసి వెళ్లి, అంకెల మెసేజ్‌లు కూడా సాధన చేయండి. నెల తర్వాత మళ్లీ కూర్చుని, అక్కర్లేని అలర్టులు తీసేయండి. మొదట తీయాల్సింది 'బయల్దేరారు' అనే అలర్టు. 'చేరారు' అన్నది కొన్నాళ్లు ఉండనివ్వండి.