వానలకు ముందే కొత్త కారు ఇంజన్ ఆయిల్: హైదరాబాద్‌లో తీసుకోవలసిన జాగ్రత్తలు

దసరాకు కొన్న కారుకు రోహిణి కార్తె నాటికి ఎనిమిది నెలలు కావస్తుంది. మీటరు చూస్తే చాలా ఇళ్లలో నాలుగైదు వేల కిలోమీటర్లకు మించి ఉండదు. పది వేలకు గానీ ఆయిల్ మార్చనక్కరలేదని షోరూంలో చెప్పారు కనుక యజమాని నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ పది వేల పక్కనే ‘లేదా పన్నెండు నెలలు, ఏది ముందైతే అది’ అన్న మాట ఉంటుందని, మాన్యువల్‌లో మరి నాలుగు పేజీలు తిప్పితే కఠిన పరిస్థితుల్లో నడిచే బండ్లకు వేరే పట్టిక ఉంటుందని గమనించేవారు తక్కువ. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే కారు ఈ రెండో పట్టికకే చెందుతుందని నా గట్టి అభిప్రాయం. అందుకే మృగశిర కార్తెతో వానలు మొదలయ్యేలోపు ఆయిల్ సంగతి ఒకసారి చూసుకోవాలని కోరుతున్నాను.

ఆ పట్టికలో సాధారణంగా కనిపించే పరిస్థితులు ఇవే: ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్, ఇంజన్ ఆపకుండా ఎక్కువసేపు నిలిపి ఉంచడం, దుమ్ము, విపరీతమైన ఎండ, నాలుగైదు కిలోమీటర్లకే ముగిసే ప్రయాణాలు. ఇలాంటి వాడకంలో చాలా పెట్రోలు కార్లకు ఆయిల్ గడువు దాదాపు సగానికి, అంటే 5,000 కిలోమీటర్లకు లేదా 6 నెలలకు తగ్గుతుంది. మీ మోడల్‌కు కచ్చితంగా ఎంత అన్నది మాన్యువల్‌లోనే చూసుకోవాలి. ఆ అంకె ముందు మెకానిక్ మాట గానీ, బంధువుల సలహా గానీ, ఈ వ్యాసం గానీ నిలవవు.

గడువు సగానికి తగ్గడానికి కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి వైపు, లేదా అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి రద్దీ వేళలో గంటకు సగటున 15 కిలోమీటర్ల చొప్పున కదిలే కారు 5,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజన్ 333 గంటలు పనిచేసి ఉంటుంది. అన్ని గంటలూ విజయవాడ హైవే మీద 60 కిలోమీటర్ల సగటు వేగంతో నడిపి ఉంటే మీటరు 20,000 చూపించేది. ఆయిల్ అరిగేది చక్రాలు తిరిగిన దూరాన్ని బట్టి కాదు. అది వేడికి గురైన గంటలను బట్టి, అందులో చేరిన మసిని, పెట్రోలును, తేమను బట్టి అరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడిన నిమిషాలను కిలోమీటర్ల మీటరు లెక్కపెట్టదు.

ఇంటి నుంచే పనిచేస్తూ వారానికి రెండుసార్లు మాత్రమే, అదీ కూరగాయలకో పిల్లల ట్యూషన్‌కో కారు తీసేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంజన్ లోపల మంట మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత, సగం మండిన పెట్రోలులో కొంత ఆయిల్‌లోకి దిగుతాయి. ఆయిల్ పూర్తిగా వేడెక్కితే ఆ తేమ ఆవిరై బయటికి పోతుంది. అయితే డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత మామూలు స్థాయికి వచ్చిన తరువాత కూడా ఆయిల్ వేడెక్కడానికి మరికొంత సమయం పడుతుంది కాబట్టి, పది నిమిషాల ప్రయాణంలో ఆ అవకాశమే రాదు. వానాకాలంలో గాలిలోని తేమ కూడా దీనికి తోడవుతుంది. ఇలాంటి కార్లను పదిహేను రోజులకు ఒకసారైనా ఔటర్ రింగు రోడ్డు మీద అరగంట పైగా నడపడం మంచిది. అలా నడిపినా నెలల గడువు దాటకూడదు.

కొత్త కారుకు 1,000 కిలోమీటర్ల దగ్గర జరిగే మొదటి సర్వీసింగ్ చాలా కంపెనీలలో తనిఖీ మాత్రమే. ఇంజన్ భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకునే ఆ దశలో సన్నటి లోహపు రేణువులు వస్తాయన్నది నిజమే, కానీ వాటిలో చాలా భాగాన్ని ఫిల్టర్ పడుతుంది. మాన్యువల్ చెప్పకపోతే అప్పుడే ఆయిల్ మార్చమని పట్టుబట్టనక్కరలేదు. ఆ వెయ్యి కిలోమీటర్లూ ఒకే వేగంతో లాగించకుండా, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కకుండా నడిపితే చాలు.

ఎండలు ఎక్కువని చిక్కటి ఆయిల్ పోయించడం మన దగ్గర పాత అలవాటు. ఇప్పటి ఇంజన్లు చాలావరకు 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 వంటి పలుచటి ఆయిల్ కోసమే తయారవుతున్నాయి. వాటిలోని దారులు సన్ననివి, వాల్వుల సమయాన్ని మార్చే ఏర్పాటు కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. అలాంటి ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 వంటి చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ స్టార్టయిన తొలి క్షణాల్లో పై భాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. చిక్కదనాన్ని తెలిపే ఈ గ్రేడుతో పాటు మాన్యువల్ అడిగిన ఏపీఐ లేదా ఏసీఈఏ అనే నాణ్యతా ప్రమాణం డబ్బా మీద ఉందో లేదో కూడా చదవాలి.

నెలకు ఒకసారి కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ ఆపిన తరువాత మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, డిప్‌స్టిక్‌ను (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీని) తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. మట్టం రెండు గుర్తుల మధ్య ఉండాలి. రంగు నల్లబడినంత మాత్రాన ఆయిల్ చెడిపోయినట్టు కాదు. డీజిల్ కార్లలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మట్టం తగ్గడాన్ని అందరూ గమనిస్తారు గానీ పెరగడాన్ని పట్టించుకోరు. ఊరిలోనే తిరిగే డీజిల్ కారులో పొగ వెళ్లే దారిలోని ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చే ప్రక్రియ మధ్యలోనే ఆగిపోతూ ఉంటే, అందుకోసం అదనంగా చల్లిన డీజిల్ కొంత ఆయిల్‌లో కలిసి మట్టాన్ని పై గుర్తు దాటిస్తుంది. అప్పుడు గడువు కోసం చూడకుండా ఆయిల్ మార్చించాలి.

మార్చేటప్పుడు దగ్గర నిలబడి చూడగలిగితే మంచిది. ఆయిల్ ఫిల్టర్, పాత ఆయిల్ దించే డ్రెయిన్ నట్టు వాషర్ కూడా కొత్తవి వేయించాలి. తేదీ, మీటరు రీడింగు, ఆయిల్ గ్రేడు రాసిన బిల్లును వారంటీ ముగిసేదాకా భద్రపరచాలి.

ఇక అసలు భయం నీటి గురించి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు నిండి, కార్లు రాత్రంతా నీటిలోనే ఉండిపోయాయి. మీ సెల్లార్‌లోకి నీరు చేరే అలవాటుంటే వాన హెచ్చరిక రాగానే కారును మెరకకు తరలించండి. మలక్‌పేట రైల్వే వంతెన కింద వంటి చోట్ల నీటి లోతు తెలియకపోతే దిగకండి. కారు నీట మునిగితే, లేదా నీటి మధ్యలో ఇంజన్ ఆగిపోతే, ఎట్టి పరిస్థితిలోనూ మళ్లీ స్టార్ట్ చేయకండి. నొక్కితే గాలి కుదించుకుంటుంది గానీ నీరు కుదించుకోదు కనుక, సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నెట్టబోతే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ నష్టానికి మామూలు బీమా సాధారణంగా వర్తించదు, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు ఉండాలి. పాలసీలో అది ఉందో లేదో వానలకు ముందే చూసుకోండి. మునిగిన బండిని తాళ్లతోనో, క్రేన్ మీదనో సర్వీస్ సెంటర్‌కు చేర్చి, ముందు ఆయిల్ తీయించాలి. అది పాలు కలిపిన టీ రంగులో వస్తే నీరు చేరినట్టే. ఇంజన్‌ను తనిఖీ చేయించి కొత్త ఆయిల్, ఫిల్టర్ వేయించాక కొద్ది రోజులకు మళ్లీ డిప్‌స్టిక్ చూడండి. ఆ తెల్లటి ఛాయ ఇంకా ఉంటే మరోసారి మార్చించండి.