క్రియాటినిన్ నార్మల్ వచ్చిందా? రిపోర్టు మడిచి పెట్టేసే ముందు ఇవి చూడండి

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు ఎక్కువ. అందుకే క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష అని చదువు రానివాళ్లకి కూడా తెలుసు. ఎంత వచ్చిందని అడుగుతారు, 1.1 అంటే హమ్మయ్య అనుకుని రిపోర్టు బీరువాలో పడేస్తారు. నా భయమంతా అక్కడే. కిడ్నీల పని దాదాపు సగం తగ్గేదాకా ఆ అంకె నార్మల్ గీత దాటకపోవచ్చు.

క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువున్నవాళ్లకి అది తయారయ్యేదే తక్కువ, కాబట్టి కిడ్నీ సరిగ్గా వడకట్టకపోయినా రక్తంలో పెద్దగా పెరిగినట్టు కనబడదు. అందుకే రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ (క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా చూసి, కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో అంచనా కట్టే అంకె) ఉందో లేదో చూడండి, లేకపోతే లెక్కకట్టి ఇమ్మని ల్యాబులోనే అడగండి. దీనికి వాడే 2021 సీకేడీ-ఈపీఐ అనే సూత్రం ప్రకారం పాతికేళ్ల కుర్రాడికి 1.1 వస్తే ఈజీఎఫ్‌ఆర్ సుమారు 95, అదే 1.1 అరవై అయిదేళ్ల ఆడమనిషికి వస్తే 56. 60 కంటే తక్కువ మూడు నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. జీడి తోటల్లో పనిచేసి బక్కచిక్కిన మన అమ్మలు, అత్తలు ఎంతమంది ఈ నార్మల్ అనే మాట వెనక ఉండిపోతున్నారో!

పాత రిపోర్టులు పారేయొద్దు. నిరుడు 0.7 ఉండి ఇప్పుడు 1.1 వస్తే రెండూ నార్మల్ లోపలివే, ల్యాబువాళ్లు ఎర్ర గుర్తు పెట్టరు, కానీ అది చిన్న మార్పు కాదు, డాక్టరుకి రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. వీలైతే ఒకే ల్యాబులో చేయించండి. ముందురోజు రాత్రి మాంసం తిని, లేదా ఎండలో పనిచేసి నీళ్లు సరిగ్గా తాగకుండా వెళ్తే అంకె పెరిగి కనిపించవచ్చు, అలాంటప్పుడు టెన్షన్ పడకుండా మళ్లీ చేయించాలి.

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి కూడా చూపించుకోండి, అది గ్రాముకి 30 మిల్లీగ్రాములు దాటితే పట్టించుకోవాలి. అయితే అది బాగుందని కూడా నిశ్చింతగా ఉండకూడదు. ఉద్దానంలో కనిపించే, కారణం ఇంకా తేలని జబ్బులో దెబ్బ ఎక్కువగా కిడ్నీలోని సన్నని నాళాలకి తగులుతుంది, మొదట్లో ప్రోటీన్ అంతగా పోదు. అందుకే ఈజీఎఫ్‌ఆర్, మూత్రం, బీపీ మూడూ కలిపే చూడాలి.



ఇంకొకటి, రిపోర్టు బాగుందని ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రోజూ వేసుకోవడం, సూదులు వేయించుకోవడం మానండి, దయచేసి. కిడ్నీలకి అవి చేసే హాని మొదట్లో ఏ రిపోర్టులోనూ కనబడకపోవచ్చు.

రాత్రి పదేపదే మూత్రానికి లేస్తున్నా, కాళ్లు వాస్తున్నా, నీరసం తగ్గకపోయినా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నా, నార్మల్ రిపోర్టుతోనే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, వాడే మందుల అట్టలూ పట్టుకెళ్లండి, నాటు మందులు వాడుతుంటే అదీ దాచకుండా చెప్పండి.