ఉడుతకు ఒకటి, కొయోట్‌కు ఒకటి: రైఫిల్ క్యాలిబర్ ఎలా ఎంచుకోవాలి?

ఉడుత మీద .243 క్యాలిబర్ తూటా (ఈ అంకె సుమారుగా తూటా వ్యాసం, అంగుళాల్లో) పేలిస్తే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కూరకు పనికొచ్చే ముక్క ఒక్కటీ మిగలదు. అలాగని దూరాన ఉన్న కొయోట్ (చిన్న తోడేలు లాంటి జంతువు) మీద .22 పేలిస్తే అది గాయంతో పరుగెత్తి ఏ పొదలోనో నరకయాతన పడి చస్తుంది. ఏ క్యాలిబర్ కొనాలన్నది తుపాకుల షాపు కౌంటర్ దగ్గర తేల్చుకునే విషయం కాదు. ఏ జంతువు, ఎంత దూరం, దాని వెనక ఏముంది అన్న మూడు ప్రశ్నలకు ఇంట్లోనే జవాబు రాసుకుని వెళ్లండి.

ఇక్కడ చెప్పేదంతా అమెరికా సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును వేటాడినా నేరమే.

ముందు కాగితాలు

హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దీనికి ఉన్న ముఖ్యమైన మినహాయింపు, అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన హంటింగ్ లైసెన్స్. లైసెన్స్ గడువు దాటిపోయి, రైఫిల్ మాత్రం అల్మరాలోనే ఉంటే చిక్కే. స్నేహితుడి తుపాకీని షూటింగ్ రేంజ్‌లో కాసేపు పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. టెక్సస్‌లోనైతే 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటకు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వేటకూ సీసపు తూటాలు వాడకూడదు. అంటే అక్కడ మామూలు .22 డబ్బా పనికిరాదు, రాగి తూటాలు వెతుక్కోవాలి.

తినడానికా, బెడద వదిలించుకోవడానికా?

ఉడుత, కుందేలు తినే వేట. మాంసం పాడుకాకూడదు కాబట్టి తూటా చిన్నదిగా, నెమ్మదిగా ఉండాలి, తలకే తగలాలి. ప్రెయిరీ డాగ్ (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువు), కొయోట్ లాంటివి పొలాలకూ మందలకూ బెడద. అక్కడ చూడాల్సింది దూరం, వేగం, క్షణంలో ప్రాణం పోవడం. ఈ రెండు పనులకూ ఒకే రైఫిల్ సరిపెట్టుకుందామనుకునేవాళ్లే ఎక్కువగా తప్పు కొనుగోలు చేస్తారు.

దూరాన్ని బట్టి క్యాలిబర్

75 గజాల లోపు: .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్). మొదటి రైఫిల్‌గా ఇదే కొనండి, రెండో ఆలోచన వద్దు. 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటా సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో వెళ్తుంది. భుజానికి తగిలే దెబ్బ తక్కువ, చప్పుడు తక్కువ, తూటాలు చవక. 50 గజాలకు గురి కుదిరిస్తే 75 దగ్గర రెండంగుళాలు, 100 దగ్గర ఆరంగుళాల దాకా కిందికి దిగుతుంది. ఉడుత తల అంగుళం పైచిలుకే ఉంటుంది కాబట్టి వంద గజాల దగ్గర అది గురి కాదు, లాటరీ. తలకు కొట్టగలిగితే గుండ్రటి మొన ఉన్న మామూలు తూటా చాలు. గుండె, ఊపిరితిత్తులకు కొట్టేవారికి మొనలో గుంట ఉన్న హాలో పాయింట్ మేలు, కాకపోతే కొంత మాంసం పోతుంది. సెకనుకు 1,050 అడుగుల సబ్‌సోనిక్ (ధ్వని కన్నా తక్కువ వేగం) తూటాలు ఇంకా మెత్తగా పేలతాయి గానీ, పేలగానే తర్వాతి తూటాను తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు చాలావాటిలో బోల్ట్‌ను (గొట్టం వెనక మూసే భాగాన్ని) పూర్తిగా వెనక్కి నెట్టలేవు. ఖాళీ గుల్ల బయటపడక నిట్టనిలువుగా ఇరుక్కుంటుంది. బోల్ట్‌ను చేత్తో లాగే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ఈ బాధ లేదు.

75 నుంచి 150 దాకా: .17 హెచ్‌ఎంఆర్ (హార్నడీ మ్యాగ్నమ్ రిమ్‌ఫైర్) లేదా .22 మ్యాగ్నమ్. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ తూటా 17 గ్రెయిన్లే అయినా వేగం 2,550 అడుగులు. గురి 100 గజాలకు పెడితే 150 దగ్గర దిగేది రెండున్నర అంగుళాలే. దీనికి శత్రువు గాలి. గంటకు పది మైళ్ల అడ్డగాలిలో 150 గజాల దగ్గర తూటా ఎనిమిది, తొమ్మిది అంగుళాలు పక్కకు పోతుంది. గడ్డి ఆగకుండా ఊగుతున్న రోజున దీన్ని వంద దాటించకండి. ఉడుత ఒంటికి తగిలిందా, మాంసం పేలికలే. 1959 నాటి .22 మ్యాగ్నమ్ తూటా 40 గ్రెయిన్లు, వేగం 1,900 అడుగులకు అటూ ఇటూ. రకూన్, నక్క లాంటి కాస్త పెద్ద జంతువుకు 125 గజాల లోపు ఇది గట్టి దెబ్బ. ఈ రెంటి తూటాలూ .22 ఎల్‌ఆర్ కన్నా బాగా ఖరీదు. .17 కొనేవారు దాని సన్నటి క్లీనింగ్ రాడ్ కూడా అప్పుడే కొనుక్కోండి, .22 రాడ్ ఆ గొట్టంలో పట్టదు.

150 దాటితే: .223 రెమింగ్టన్. 55 గ్రెయిన్లు, 3,240 అడుగుల వేగం. గురి 200 గజాలకు కుదిరిస్తే 300 దగ్గర ఆరేడు అంగుళాలు దిగుతుంది. ప్రెయిరీ డాగ్‌లకు 40 గ్రెయిన్ల పలచటి తొడుగు తూటా బాగుంటుంది. కొయోట్‌కు అదే వాడితే భుజం ఎముక మీదే చిట్లి, పైపై గాయం చేసి ఊరుకునే ప్రమాదముంది, అందుకని 50-55 గ్రెయిన్లు వాడండి. .22-250 ఇదే 55 గ్రెయిన్లను 3,680 అడుగులకు తోస్తుంది, బయలు నేలల్లో 300 దాటి కొట్టేవారికి బాగుంటుంది. అయితే తుపాకి మందు ఎక్కువ మండుతుంది, గొట్టం త్వరగా వేడెక్కి త్వరగా అరుగుతుంది. రోజుకు రెండొందల తూటాలు పేల్చే ప్రెయిరీ డాగ్ వేటకు .223 మేలు. జింకనూ అదే రైఫిల్‌తో కొట్టాలంటే .243 చూడండి. తేలిక తూటాతో కొయోట్, 100 గ్రెయిన్లతో జింక.

గొట్టం మీద చెక్కిన అంకెలు చదవండి

గొట్టం మీద క్యాలిబర్ పక్కన 1:12, 1:9, 1:7 లాంటి అంకె ఉంటుంది. తూటా ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందో అది చెబుతుంది. .223లో 1:12 గొట్టం 55 గ్రెయిన్ల దాకా బాగా తిప్పుతుంది. 1:9 అయితే 70కి దగ్గర దాకా సరే. బరువైన తూటాకు తిప్పుడు చాలకపోతే కాగితం మీదే తెలిసిపోతుంది: గుండ్రటి రంధ్రం బదులు తాళం కన్నం లాంటి పొడవాటి చీలిక పడుతుంది. తూటా పల్టీలు కొడుతూ వెళ్లిందన్నమాట. అప్పుడు రైఫిల్‌ను తిట్టకుండా తేలిక తూటా మార్చండి.

పట్టింది కదా అని ఏ తూటా పడితే అది దూర్చకండి. .22 మ్యాగ్నమ్ రైఫిల్‌లో .22 ఎల్‌ఆర్ వదులుగా కూర్చుంటుంది. పేలినప్పుడు గుల్ల చీలి వేడి వాయువు మీ ముఖం వైపు తన్నవచ్చు. .223 అని మాత్రమే చెక్కి ఉన్న గొట్టంలో చూడ్డానికి అలాగే ఉండే సైనిక తూటా 5.56 నాటో వద్దు, పీడనం హద్దు దాటవచ్చు. అన్నిటికన్నా ప్రమాదం .300 బ్లాకౌట్ అనే లావు తూటా. అది .223 మ్యాగజైన్‌లోనే (తూటాలు పెట్టే డబ్బాలోనే) పడుతుంది, ఒక్కోసారి గొట్టం వెనక తూటా కూర్చునే గదిలోకీ దూరుతుంది, పేలిస్తే రైఫిల్ ముక్కలు కావచ్చు. రెండూ ఉన్న ఇంట్లో మ్యాగజైన్లకు వేర్వేరు రంగుల టేపు చుట్టండి.

మీ హద్దు కొలుచుకోండి

ఒకే .22కు ఒక కంపెనీ తూటా అతికినట్టు, ఇంకోటి చెల్లాచెదురుగా పడడం మామూలే. నాలుగైదు రకాలు ఒక్కో డబ్బా తెచ్చుకోండి. గాలి లేని ఉదయం, 50 గజాల దగ్గర, ముందూ వెనకా ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించండి. రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది తూటాలు లెక్కలోకి తీసుకోకండి, పాత తూటాల మైనం గొట్టానికి అంటుకుని ఉంటుంది. తర్వాత ఐదేసి చొప్పున మూడు గుంపులు కాల్చి, దూరంగా పడ్డ రెండు రంధ్రాల నడిమి నుంచి నడిమికి కొలవండి. ఐదోది పక్కకు పోయిందని తీసేయకండి, అడవిలో పేలేది అదే కావచ్చు.

బాగా పడ్డ రకంతో ఇసుక సంచులు వదిలేసి, మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆనుకుని మళ్లీ కాల్చండి. గుంపు రెట్టింపయితే కంగారు పడనక్కర్లేదు. పాతిక గజాలతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా వెనక్కి జరగండి. గుంపు అంగుళం దాటిన చోట ఉడుతకు మీ హద్దు ముగిసింది, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. చెవులకూ కళ్లకూ రక్షణ .22కైనా తప్పదు.

వెనక ఏముందో చూడడం చివర రాసినా మొదటి లెక్కలోదే. .22 తూటా మైలున్నర దాకా పోగలదు, రాయికో నీటికో తగిలితే ఎగిరి దారి మళ్లుతుంది. .17 హెచ్‌ఎంఆర్ పలచటి తూటా నేలను తాకగానే చాలాసార్లు చిట్లిపోతుంది, ఇళ్లకు దగ్గరున్న పొలాల్లో దాన్ని ఇష్టపడేది అందుకే. కొమ్మ చివరన ఆకాశానికి ఎదురుగా కూర్చున్న ఉడుతను ఏ క్యాలిబర్‌తోనూ కొట్టకండి. కదలకుండా ఐదు నిమిషాలు కూర్చుంటే అది మాను మీదికి దిగుతుంది, తూటా తప్పినా కలపలో ఆగుతుంది.