యుద్ధం గురించి పిల్లలకి చెప్పాలంటే: మూడు ఏనుగుల బొమ్మల పుస్తకం

యుద్ధం అంటే ఏంటి అని పిల్లలు అడిగితే చాలామంది ఎవరు ఎవరితో కొట్టుకున్నారు, ఎవరు గెలిచారు అని చెప్పేసి ఊరుకుంటారు. ఎనిమిది తొమ్మిదేళ్లు దాటిన పిల్లలుంటే ఒక్క బొమ్మల పుస్తకం పట్టుకుని దాన్నే నిదానంగా చదివించండి. నేనైతే 'ఫెయిత్‌ఫుల్ ఎలిఫెంట్స్' చెప్తాను, జపాన్ కథ, ఇంగ్లీష్‌లో ఉంది. టోక్యోలోని ఉయెనో జూలో జాన్, టోంకీ, వాన్లీ అనే మూడు ఏనుగుల్ని రెండో ప్రపంచ యుద్ధం టైంలో తిండి పెట్టకుండా చంపేశారు, ఇది నిజంగా జరిగింది.

ముందు మీరు ఒక్కళ్లే చదువుకోండి, ఏడుపొస్తుంది. రాత్రి పడుకునే ముందు అస్సలు వద్దు, సెలవు రోజు పొద్దున పెట్టుకోండి. బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పండి, ఆకలితో ఉన్న ఏనుగులు తిండి పెడతారేమోనని తొండాలెత్తి తమకి నేర్పిన ఫీట్లు చేసే పేజీ దగ్గర ఆగిపోండి, ఏం మాట్లాడకండి, వాళ్లనే అడగనివ్వండి. వేరే ఊరు పంపెయ్యొచ్చు కదా అంటారు. టోంకీని సెండాయ్ జూకి పంపుదామని నిజంగానే చూశారు, టోక్యో గవర్నర్ ఒప్పుకోలేదు.

అసలు పాఠం ఇక్కడుంది. బాంబులు రోజూ పడుతున్నాయి, బోన్లు విరిగితే జంతువులు ఊరి మీద పడతాయి అందుకే చంపారు అని పుస్తకం చెప్తుంది. మీరు ఒక తెల్ల కాగితం మీద గీత గీసి తేదీలు రాయించండి. 1942 ఏప్రిల్ 18న టోక్యో మీద అమెరికా విమానాల మొదటి దాడి, 1943 ఆగస్టు, సెప్టెంబర్‌లో ఏనుగుల చావు, 1944 నవంబర్ నుంచి వరసగా బాంబులు. అప్పుడు బాంబులే పడట్లేదు కదా అని పిల్లలే పట్టేస్తారు! మరెందుకు చంపారంటే, యుద్ధం ఎంత సీరియస్‌గా ఉందో జనానికి తెలియాలని గవర్నర్ ఆర్డర్ వేశాడని చరిత్రకారులు రాశారు. సెప్టెంబర్ 4న జూలో చనిపోయిన జంతువులకి సంస్మరణ సభ పెట్టేటప్పటికి రెండు ఏనుగులు ఇంకా బతికే ఉన్నాయి. నాకు ఇదే అన్నిటికంటే ఘోరం అనిపిస్తుంది, కానీ చిన్నపిల్లలకి ఈ ముక్క చెప్పకండి, పదేళ్లు దాటాక చాలు.

తర్వాత అదే గీత మీద 1942 ఏప్రిల్ 6 రాయించండి, ఆ రోజు జపాన్ విమానాలు మన వైజాగ్, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఇందాకటి దాకా జపాన్ వాళ్లు పాపం అనుకున్న పిల్లలు ఇక్కడ కన్ఫ్యూజ్ అవుతారు, అవనివ్వండి, మీరు గబగబా సర్ది చెప్పెయ్యకండి. ఎవరు మంచోళ్లు అని అడిగితే, ఆర్డర్ ఎవరు వేశారు, దెబ్బ ఎవరికి తగిలింది అని తిరిగి అడగండి.

చివర్లో 1949 రాయండి. ఏనుగు కావాలని టోక్యో పిల్లలు నెహ్రూకి ఉత్తరాలు రాస్తే, ఆయన తన కూతురి పేరుతో ఇందిర అనే ఏనుగుని ఉయెనో జూకి పంపాడు. మీ పిల్లల్ని కూడా నువ్వైతే ఏం రాసేవాడివి అని అడిగి ఒక ఉత్తరం రాయించండి, తెలుగులోనే, స్పెల్లింగులు దిద్దకుండా.