వానలు మొదలయ్యేలోపు వర్క్‌షాప్ లేజర్ కట్టర్‌కి చేయాల్సిన పనులు

నలుగురూ కలిసి వాడుకునే లేజర్ కట్టర్‌కి మన దగ్గర ఎండాకాలం కన్నా వానాకాలమే ఎక్కువ ప్రమాదం. ఎండల్లో లేజర్ కిరణం పుట్టే గాజు ట్యూబ్ చుట్టూ తిరిగే నీళ్లు వేడెక్కితే, వాటిని చల్లబరిచే చిల్లర్ అలారం కొడుతుంది, అందరికీ తెలిసిపోతుంది. వానల్లో ట్యూబ్ మీద చెమ్మ పడుతుంటే ఎవరూ గమనించరు, పని బాగానే నడుస్తుంటుంది, ఓ రోజు ఉన్నట్టుండి ట్యూబ్ పోతుంది. అందుకే జూన్ రాకముందే ఒక పూట మిషన్ ఆపి చూసుకోండి.

ముందు చిల్లర్. గ్లాస్ ట్యూబ్‌కి 20 డిగ్రీల నీళ్లు మంచివని అక్కడ పెట్టేసి ఇక ముట్టుకోరు. గదిలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే దాదాపు 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీటి బొట్లు కడతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు. ట్యూబ్‌కి వెళ్లే ఎర్ర వైరులో వేల వోల్టులుంటాయి. చెమ్మకి దుమ్ము తోడైతే ఆ కరెంటు ట్యూబ్‌లోంచి పోకుండా పక్కనున్న బాడీకి దూకుతుంది. వెనక వైపు నుంచి చిటపటమని వినబడితే కట్టింగ్ అయ్యేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీ స్విచ్ నొక్కండి. మెయిన్ ఆపేశాక కూడా పవర్ సప్లైలో చార్జ్ మిగిలి ఉంటుంది, తెలిసిన టెక్నీషియన్ తప్ప ఇంకెవరూ అక్కడ చెయ్యి పెట్టకూడదు.

గదికి ఏసీ ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. 26 డిగ్రీలు, 60 శాతం తేమ దగ్గర ఉంచగలిగితే 22 డిగ్రీల నీళ్లతో నిశ్చింతగా నడపొచ్చు. ఏసీ లేకపోతే బాగా ముసురు పట్టిన రోజుల్లో నీళ్లను 27కి పెంచి, పవర్ తగ్గించి, మధ్యమధ్యలో ఆపుతూ కోయండి. పని నెమ్మదిస్తుంది, కానీ ట్యూబ్ బతుకుతుంది. గోడకి తేమ చూపించే మీటరొకటి తగిలించండి. నీళ్లు డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు వద్దే వద్దు.

అర్జెంటు ఆర్డరుంది, అలారం విసిగిస్తోంది అని నీటి సెన్సర్ రెండు కొనలూ చిన్న వైరు ముక్కతో కలిపేసేవాళ్లు ప్రతి వర్క్‌షాప్‌లోనూ ఒకరుంటారు. ఆ తర్వాత వాడేవాళ్లకి ఆ సంగతి తెలియదు, పంపు ఆగినా లేజర్ ఆగదు. పని మొదలుపెట్టే ముందు పైపు ఒక్క క్షణం మడిచి పట్టుకోండి, అలారం రావాలి. రాలేదంటే ఆ రోజు మిషన్ ఎవరికీ ఇవ్వకండి.

వానల్లో ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసే షీటు), ప్లైవుడ్ తేమ పీల్చుకుంటాయి, నిన్నటి సెట్టింగ్‌కి ఇవాళ తెగవు. తెగట్లేదని పవర్ పెంచుకుంటూ పోతే అంచులు మాడతాయి, జిగురు పొగ, దాన్ని బయటికి పంపే గొట్టంలో, అంటే డక్ట్‌లో పేరుకుంటుంది, ఆ మసికి నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం. షీట్లు నేల మీద కాకుండా ఎత్తులో పరిచి పెట్టండి. డక్ట్ విప్పి గీకించండి, షీటు పెట్టే తేనెపట్టు లాంటి జాలీ బెడ్ కింద పడిన ముక్కలన్నీ ఊడ్చేయండి. అక్రిలిక్ కోసేటప్పుడు మాత్రం మిషన్ దగ్గర్నుంచి టీకి కూడా కదలకండి. చేతికందేలా సీఓ2 ఫైర్ సిలిండర్ ఉండాలి.

సన్‌బోర్డ్, రెక్సిన్ పెట్టొద్దని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. వాటిలో ఉండేది పీవీసీ ప్లాస్టిక్. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు హాని, తేమ గాలిలో అదే యాసిడ్‌గా మారి మిషన్ పట్టాలనీ బేరింగులనీ తినేస్తుంది. అనుమానముంటే రాగి తీగని ఎర్రగా కాల్చి ఆ షీటుకి ఆనించి మళ్లీ మంటలో పెట్టండి, మంట ఆకుపచ్చగా మారితే ఆ షీటు లోపలికి రాకూడదు. ఇది ఆరుబయట చేయండి.

లెన్స్‌ని చొక్కా కొంగుతో తుడవకండి. చల్లారాక లెన్స్ పేపరు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కవేసి, రుద్దకుండా ఒకవైపుకి లాగితే చాలు. అది జింక్ సెలినైడ్, పగిలితే ముక్కల్ని గ్లౌజులతోనే తీయాలి.

అప్‌గ్రేడ్ అనగానే అందరూ 60 వాట్ల ట్యూబ్ తీసి 100 వాట్లది పెడదామంటారు. నా మాట వింటే చందా డబ్బు ముందు చిల్లర్‌కి పెట్టండి. సీడబ్ల్యూ-3000 మోడల్ చిల్లర్‌లో కంప్రెసర్ ఉండదు, రేడియేటర్, ఫ్యానే. గదిలో 38 ఉంటే నీళ్లు అంతకన్నా చల్లబడవు. కంప్రెసర్ ఉన్నది తెచ్చాక పొగ లాగేసే మంచి ఎగ్జాస్ట్, ఆ తర్వాత ట్యూబ్‌కి వెళ్లే కరెంటు చూపించే మిల్లీఆంప్ మీటరు. ఇవి కుదిరాకే పెద్ద ట్యూబ్ సంగతి. దానికి పవర్ సప్లై కూడా మార్చాలి, పొడవు పట్టకపోతే బాడీకి పెట్టె అతికించాలి, కిరణాన్ని మళ్లించే అద్దాలు మళ్లీ అలైన్ చేయాలి, కాబట్టి ఆ పని వానలు తగ్గాక పెట్టుకోండి.