ఉప్పునీటి అక్వేరియంలో హానికర పురుగులను గుర్తించడం, తొలగించడం

కాకినాడ, అమలాపురం ప్రాంతాల్లో ఉప్పునీటి అక్వేరియం పెంచేవారు రాయి మీద పురుగు కనిపించగానే మందు పోయవద్దని నా మనవి. ఒంటినిండా నూగు వంటి ముళ్లున్న బ్రిసిల్ పురుగుల్లో అత్యధికం మిగిలిపోయిన మేతను తిని తొట్టిని శుభ్రంగా ఉంచుతాయి. ఈ కోవకే చెందిన నిప్పుపురుగు మాత్రం పగడాలను కొరుకుతుంది, తాకితే ముళ్లు గుచ్చుకుని చర్మం మండుతుంది. మరో హానికర పురుగైన యూనిస్‌కు గట్టి దవడలు, తలపై ఐదు మీసాలు ఉంటాయి. రాతి కన్నంలో దాగి రాత్రివేళ బయటికొచ్చే దీనిని ఎర్రకాంతి టార్చితో వెతకాలి.

పట్టడానికి సన్నని రంధ్రాలున్న గొట్టంలో రొయ్య ముక్క పెట్టి, దీపాలు ఆర్పాక ఇసుకపై ఉంచి, తెల్లవారకముందే తీయాలి. చేతికి మందపాటి తొడుగు, పట్టుకారు తప్పనిసరి. యూనిస్‌ను ముక్కలుగా తెంపకూడదు, మిగిలిన భాగం తిరిగి పెరగవచ్చు. అది దాగిన రాయినే బయటికి తీయడం మేలు.

తుప్పురంగులో, కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే చదును పురుగులు గుంపులుగా పెరిగితే అసలు జాగ్రత్త అవసరం. అవి ఒక్కసారిగా చస్తే విషం విడుదలై చేపలు చనిపోవచ్చు కనుక, మందుకు ముందు సన్నని గొట్టంతో వీలైనన్నింటిని పీల్చివేసి, విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్‌ను, మార్చవలసిన నీటిని సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ నీటిని వరదకాలంలో అంతర్వేది వంటి నదీముఖాల వద్ద పట్టవద్దు; గోదావరి కలిసి లవణీయత సాధారణ సముద్రపు 35 పీపీటీ (వెయ్యి వంతుల నీటిలో 35 వంతుల ఉప్పు) కంటే బాగా తగ్గుతుంది. కొత్త రాళ్లను, పగడాలను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి పరిశీలించాకే లోపలికి చేర్చాలి.