లైంగిక వైఖరులు, ప్రవర్తనపై సర్వే ఎలా చేయాలి: మనస్తత్వశాస్త్ర విద్యార్థుల కోసం

మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. ప్రాజెక్టుకో, పీహెచ్‌డీకో ఈ అంశాన్ని ఎంచుకున్న విద్యార్థి ప్రశ్నావళి రాయడానికి కూర్చునే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. తాను కొలవదలచినది మనుషులు సబబని నమ్మేదాన్నా, నిజంగా చేసేదాన్నా, లోలోపల కోరుకునేదాన్నా? ఈ మూడింటినీ కలగలిపి అడిగేసి, విశ్లేషణ దశలో విడదీద్దామనుకుంటే కుదరదు. పెంకె, ఆసెన్‌డార్ఫ్ అనే పరిశోధకులు 2008లో సవరించి ప్రచురించిన కొలమానం ఇందుకు మంచి నమూనా. అనుబంధమంటూ లేని లైంగిక సంబంధాల గురించిన తొమ్మిది ప్రశ్నలు అందులో ఉంటాయి. ప్రవర్తనకు మూడు, వైఖరికి మూడు, కోరికకు మూడు చొప్పున కేటాయించి, మూడింటికీ విడివిడిగా మార్కులు లెక్కిస్తారు.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ కావాలంటే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడవచ్చు. భర్తకు సుఖవ్యాధి ఉన్నప్పుడు, అతనికి ఇతర స్త్రీలతో సంబంధం ఉన్నప్పుడు, తాను అలసిపోయి లేదా మనసు లేక ఉన్నప్పుడు భార్య లైంగిక సంబంధానికి నిరాకరించడం సబబేనా అని అందులో అడిగారు. ఈ మూడు సందర్భాలలోనూ సబబేనన్నవారు స్త్రీలలో 80 శాతం, పురుషులలో 66 శాతం. ఇది వైఖరికి సంబంధించిన లెక్క మాత్రమే. తనకు ఇష్టం లేనప్పుడు భర్తకు ఆ మాట చెప్పగలనా లేదా అన్నది అదే సర్వేలో వివాహితలను అడిగిన మరో ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన సంఖ్యను రెండో ప్రశ్నకు జవాబుగా చూపే వ్యాసాలు వస్తూనే ఉంటాయి; మీ సిద్ధాంత గ్రంథం వాటిలో చేరకుండా చూసుకోవాలి.

తర్వాత ఎవరిని అడగాలన్న ప్రశ్న వస్తుంది. ఈ రంగానికి దారి వేసిన ఆల్‌ఫ్రెడ్ కిన్సీ అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రవేత్త. అంతకు ముందు కందిరీగ జాతి కీటకాలను వేల సంఖ్యలో సేకరించి కొలిచినవాడు. 1948లో పురుషుల గురించి ఆయన వెలువరించిన గ్రంథానికి సుమారు 5,300 మంది తెల్లజాతి పురుషుల ఇంటర్వ్యూలు ఆధారం. సంఖ్య పెద్దదే కానీ, వారిలో ఎక్కువమంది తమంతట తాము ముందుకొచ్చినవారు, జైళ్లలో ఉన్నవారూ తగుమాత్రంగా ఉన్నారు. కాక్రన్, మోస్టెల్లర్, టూకీ అనే ముగ్గురు గణాంక నిపుణులు ఈ నమూనా ఎంపికను నిశితంగా విమర్శించారు. పదహారు నుంచి యాభై అయిదేళ్ల మధ్య కనీసం మూడేళ్లపాటు దాదాపు పూర్తిగా స్వలింగ సంబంధాలలోనే ఉన్న పురుషులు పది శాతమని కిన్సీ రాస్తే, జనం నోళ్లలో అది 'మనుషుల్లో పది శాతం స్వలింగ సంపర్కులు' అన్న మాటగా మారింది. 1992లో అమెరికాలో యాదృచ్ఛిక నమూనాతో 3,432 మందిని అడిగిన సర్వేలో తమను స్వలింగ లేదా ద్విలింగ ప్రియులుగా చెప్పుకున్న పురుషులు 2.8 శాతం. అడిగిన జనమూ వేరు, అడిగిన ప్రశ్నా వేరు: ఒకటి ప్రవర్తన గురించి, రెండోది తమను తాము ఎలా గుర్తించుకుంటారన్న దాని గురించి.

విద్యార్థికి జాతీయ స్థాయి నమూనా సాధ్యం కాదు, ఎవరూ ఆశించరు కూడా. అయితే గూగుల్ ఫారాన్ని తెలిసిన వాట్సాప్ గ్రూపులలో పంపి, వచ్చిన జవాబులను 'తెలుగు యువత అభిప్రాయాలు' అని పేర్కొనడం మాత్రం సమ్మతం కాదు. ఫలానా రెండు కళాశాలల్లో పీజీ చదువుతూ, అడిగితే ఒప్పుకున్నవారు అని శీర్షికలోనే చెప్పడం మేలు. ఎంతమందిని అడిగారో, ఎంతమంది వద్దన్నారో మొదటి రోజు నుంచే నోటుపుస్తకంలో రాసుకోండి, ఎందుకంటే ఈ అంశంపై మాట్లాడటానికి ఒప్పుకునేవారు ఒప్పుకోనివారి కంటే సాధారణంగా కాస్త ఉదార భావాలు కలవారై ఉంటారు, ఆ తేడా నేరుగా మీ ఫలితంలోకి చేరుతుంది.

ప్రశ్నల భాష విషయంలో ఇండియానా విశ్వవిద్యాలయంలోనే 1991లో జరిగిన మరో పరిశోధనను గుర్తుంచుకోవాలి. రకరకాల శారీరక చర్యలను పేర్కొని, వీటిలో దేన్ని 'సెక్స్ చేయడం'గా పరిగణిస్తారని 599 మంది విద్యార్థులను అడిగితే, ముఖరతిని ఆ లెక్కలో చేర్చనివారు సుమారు 60 శాతం తేలారు. ఈ పత్రం 1999 జనవరిలో, అధ్యక్షుడు క్లింటన్‌పై అభిశంసన విచారణ నడుస్తున్న రోజుల్లో వెలువడటంతో, దాన్ని ప్రచురించిన వైద్య పత్రిక సంపాదకుడి ఉద్యోగమే పోయింది. అమెరికా విద్యార్థుల మధ్యే ఇంత తేడా ఉంటే, 'లైంగిక సంపర్కం' అన్న పుస్తక పదాన్ని కరీంనగర్‌లో ఒకరు, శ్రీకాకుళంలో మరొకరు ఒకేలా అర్థం చేసుకుంటారని అనుకోలేం. ఇంగ్లీషు కొలమానాన్ని తెలుగులోకి తెచ్చాక, మూలం చూడని వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి అనువదింపజేసి పోల్చే పద్ధతి ఉంది. అది అవసరమే కానీ అంతటితో సరిపోదు. అసలు సర్వేకు ముందు కొద్దిమంది దగ్గర కూర్చుని, ఒక్కో ప్రశ్న చదివాక 'దీన్ని మీరు ఎలా అర్థం చేసుకున్నారు, మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. మీరు ఊహించని అర్థాలు అక్కడే బయటపడతాయి. చర్యను సూటిగా, సభ్యమైన మాటల్లో వర్ణించి అడిగితే, మొదట్లో కొంత మొహమాటంగా అనిపించినా జవాబులు పోల్చదగినవిగా ఉంటాయి.

జ్ఞాపకానికి సంబంధించిన చిక్కు కూడా ఉంది. పురుషులూ స్త్రీలూ దాదాపు సమాన సంఖ్యలో ఉన్న జనాభాలో, ఆ జనాభా లోపలే సంబంధాలు జరిగినప్పుడు, భిన్నలింగ భాగస్వాముల సగటు ఇరువురికీ ఒకటే కావాలి. అది కేవలం అంకగణితం. కానీ 2010–12 బ్రిటన్ జాతీయ సర్వేలో పురుషులు చెప్పిన జీవితకాల సగటు సుమారు 14, స్త్రీలు చెప్పినది సుమారు 7. అత్యధిక సంఖ్యలు చెప్పిన కొద్దిమంది ప్రభావం, ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుని లెక్కించకుండా ఉజ్జాయింపుగా చెప్పే అలవాటు, వైఖరులలోని తేడా, ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకున్నాక ఆ అంతరం చాలావరకు తగ్గింది. కాబట్టి వీలైనంతవరకు జీవితకాలం గురించి అడగకుండా, గడిచిన ఏడాది, గడిచిన నెల అని హద్దు పెట్టండి.

ఈ పరిశోధన మొత్తంలో ఎక్కువ శ్రద్ధ కోరేది ఏకాంతం. అమెరికాలో 15–19 ఏళ్ల అబ్బాయిలపై చేసి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రశ్నలను హెడ్‌ఫోన్‌లో విని కంప్యూటర్‌లో జవాబిచ్చినవారిలో మరో పురుషుడితో లైంగిక అనుభవం ఉందని చెప్పినవారు 5.5 శాతం, అవే ప్రశ్నలకు కాగితంపై జవాబు రాసినవారిలో 1.5 శాతం. 2003లో అలెగ్జాండర్, ఫిషర్ మరో విధంగా పరీక్షించారు. తమ జవాబులను తోటి విద్యార్థి చూడవచ్చని అనుకున్న యువతులు చెప్పిన భాగస్వాముల సగటు 2.6, పేరు తెలియదన్న భరోసా ఇచ్చినప్పుడు 3.4, అబద్ధాన్ని పట్టే యంత్రమని నమ్మించి, నిజానికి ఏమీ కొలవని పరికరాన్ని తగిలించినప్పుడు 4.4. యువకుల సంఖ్యలు మూడు పరిస్థితులలోనూ నాలుగుకు అటూ ఇటూగానే ఉన్నాయి. మొదటి పరిస్థితిని, మూడో పరిస్థితిని పక్కపక్కన పెట్టి చూస్తే, స్త్రీపురుషుల మధ్య తేడాగా మనం నివేదించేదానిలో కొంత భాగం ఆ గదిలో తయారైనదేనని అంగీకరించక తప్పదు.

మన ఇళ్లలో విడిగా గది దొరకడమే అరుదు. కోడలిని ప్రశ్నలడుగుతుంటే అత్తగారు వచ్చి గడప దగ్గర కూర్చుంటుంది, పక్కింటివాళ్లు 'ఏం రాసుకుంటున్నారమ్మా' అంటూ చేరతారు. అందుకని ఇద్దరుగా వెళ్లడం మంచిది. ఒకరు ఇంటర్వ్యూ చేస్తుంటే మరొకరు మిగతా కుటుంబసభ్యులను తిండి, టీవీ, ప్రయాణాల గురించిన మామూలు ప్రశ్నలతో వేరేచోట మాట్లాడించవచ్చు. ఎవరైనా హఠాత్తుగా వస్తే తిప్పడానికి అలాంటి పేజీ ఒకటి చేతిలో ఉండాలి. స్త్రీలను స్త్రీలే, పురుషులను పురుషులే అడగాలి. 2006–07లో ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ, పాపులేషన్ కౌన్సిల్ కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల యువతపై చేసిన అధ్యయనంలో, ముఖాముఖి ఇంటర్వ్యూ ముగిశాక వివాహపూర్వ సంబంధం గురించిన జవాబును ఒక కార్డుపై గుర్తు పెట్టి, కవరులో పెట్టి అంటించి ఇవ్వమని కోరారు. ఖర్చు లేని పద్ధతి. విద్యార్థి కూడా నిశ్చింతగా అనుసరించవచ్చు.

మరీ సున్నితమైన ఒకటి రెండు ప్రశ్నలకు, వార్నర్ 1965లో ప్రతిపాదించిన ఆలోచన నుంచి పెరిగిన నాణెం పద్ధతి ఉంది. జవాబిచ్చే వ్యక్తి ఎవరికీ కనబడకుండా నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే నిజమేదైనా 'అవును' అంటారు, బొరుసు పడితే నిజం చెబుతారు. 400 మందిలో 240 మంది 'అవును' అంటే, సుమారు 200 'అవును'లు నాణెం వల్ల వచ్చినవి. మిగిలిన 40, నిజం చెప్పిన 200 మందికి సంబంధించినవి కాబట్టి అంచనా 20 శాతం. ఏ ఒక్కరి జవాబూ వారి రహస్యాన్ని బయటపెట్టదు. దీనికి మూల్యం ఏమిటంటే, నాణెం తెచ్చే హెచ్చుతగ్గుల వల్ల అంచనాలో అనిశ్చితి పెరుగుతుంది; 60 మంది ఉన్న నమూనాకు ఇది పనికిరాదు.

పరిశోధనలను ముందుగా పరిశీలించే మీ సంస్థ నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి రాకముందు ఒక్కరిని కూడా అడగకూడదు. పద్దెనిమిదేళ్లు నిండినవారికే పరిమితం కావడం విద్యార్థికి క్షేమకరం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు దాన్ని పోలీసులకు తెలియజేయాలి. అందువల్ల 'మీరు చెప్పేది ఎవరికీ చెప్పను' అన్న హామీకి ఆ హద్దు ఉందని సమ్మతి పత్రంలోనే రాయాలి, బాల్యానుభవాల గురించి అడిగే ఉద్దేశముంటే గైడుతో ముందే చర్చించి ఒక నిర్ణయానికి రావాలి. ఏ ప్రశ్ననైనా వదిలేసే స్వేచ్ఛ ఉండాలి. ఆన్‌లైన్ ఫారంలో ఈమెయిల్ సేకరణను ఆపేయండి. పేరు అడగకపోయినా ఊరు, కులం, కోర్సు, వయసు నాలుగూ అడిగితే మనిషిని గుర్తుపట్టవచ్చన్నది చాలామంది మరచిపోతారు. ప్రశ్నావళి చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఇస్తే, మనసు కలతపడినవారికి సహాయం అందే మార్గం చూపినట్టవుతుంది.

ఫలితాలు రాసేటప్పుడు సగటు ఒక్కటే ఇవ్వకండి. 2022 ఆగస్టులో, పదకొండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో పురుషుల కంటే స్త్రీలకే సగటున ఎక్కువమంది లైంగిక భాగస్వాములున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆధారంగా పత్రికలు శీర్షికలు పెట్టాయి. అదే సర్వేలో, అంతకు ముందు ఏడాదిలో భార్య లేదా భర్త కాని, తమతో కలిసి నివసించని వ్యక్తితో సంబంధం ఉందన్నవారు పురుషులలో 4 శాతం, స్త్రీలలో 0.5 శాతం. సగటును కొద్దిమంది చెప్పిన పెద్ద సంఖ్యలు లాగేస్తాయి కాబట్టి మధ్యగతాన్నీ (జవాబులను వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే సంఖ్య), ఒక్కో సంఖ్య చెప్పినవారి శాతాలనూ పక్కనే ఇవ్వాలి. సిద్ధాంత గ్రంథం చివరి అనుబంధంలో ప్రతి తెలుగు ప్రశ్ననూ అడిగినది అడిగినట్టుగా అచ్చువేసి, దానిని వదిలేసినవారి సంఖ్యను ఎదురుగా చూపండి.